ఎలుగుబంటికి ఏ రివాల్వర్ పనికొస్తుంది: నా అనుభవం

నేను రివాల్వర్ కొనాలనుకున్నది దొంగల కోసం కాదు, ఎలుగుబంట్ల కోసం. నెల్లూరు టౌన్లో ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వేవాళ్లు. మా రాపూరు వైపు వాళ్లు మాత్రం నవ్వరు. వెలిగొండల కింద నిమ్మతోటలు ఉన్నవాళ్లకి తెలుసు, ఎండలు ముదిరాయంటే మునిమాపు వేళకీ, మళ్లీ తెల్లవారుజామునా అది కొండ దిగి వస్తుంది. నిమ్మకాయలు దానికి అక్కర్లేదు. గట్ల మీద చెదపుట్టలు, ఈత చెట్లు, రేగు కంపలు, సీజన్లో సీతాఫలాలు, బోరు దగ్గర నిలిచిన నీళ్లు, వీటి కోసం వస్తుంది. మనం మోటారు వేయడానికి పోయే టైమూ, అది మేతకి దిగే టైమూ ఒకటే కావడం మన ఖర్మ.

నేను ఆర్మీలో పనిచేసి రిటైరయ్యాను. తుపాకీ అంటే భయం లేదు, మోజూ లేదు, సర్వీసంతా రైఫిల్ మోసినవాడికి ఇంటికొచ్చాక కూడా ఇనుము మోయాలని ఉండదు. కానీ మా పక్క తోట కౌలుకి చేసే మనిషిని గట్టు మలుపులో ఎలుగు కొట్టింది. తెల్లారకముందే మోటారు వేయడానికి పోతున్నాడు, చేతిలో సెల్‌ఫోన్ లైటు తప్ప ఏమీ లేదు. తల మీదా బుగ్గ మీదా కుట్లు పడ్డాయి, ప్రాణం దక్కింది. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే టెన్షన్. "చేతిలో ఏదో ఒకటి లేకుండా తోటలోకి పోయేది లేదు" అని మా ఆవిడ తేల్చేసింది. ఆ "ఏదో ఒకటి" ఏది అన్నదాని మీద నేను చాలా తిరిగాను, చాలా చదివాను, చాలామందిని అడిగాను. మా వైపు ఇంకా కొంతమంది ఇదే ఆలోచనలో ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

పొడుగు తుపాకీ ఎందుకు వద్దనుకున్నానో ముందు చెప్పాలి. నిమ్మతోటలో నడిచినవాడికి చెప్పక్కర్లేదు, కొమ్మలు నడుము ఎత్తులోనే అడ్డం పడుంటాయి, ముళ్లు చొక్కాని పట్టుకుంటే వదలవు. భుజాన గొట్టం వేసుకుని వంగి వంగి నడుస్తూ ఒక చేత్తో టార్చి పట్టుకుని, ఇంకో చేత్తో వాల్వు తిప్పడం కుదిరే పని కాదు. తుపాకీని చెట్టుకి ఆనించి పని చేసుకుంటే, ఎలుగు వచ్చే టైముకి అది చెట్టు దగ్గరే ఉంటుంది, మనం ఇంకెక్కడో ఉంటాం. అందుకే ఒంటి మీదే ఉండేది, రెండు చేతులూ ఖాళీగా ఉంచేది కావాలనుకున్నా. అమెరికాలో ఎలుగుల అడవుల్లో తిరిగేవాళ్లు హ్యాండ్‌గన్ పెట్టుకునేది కూడా సరిగ్గా ఈ కారణంగానే అని తర్వాత తెలిసింది.

అది తెలిసింది మా మేనల్లుడి వల్ల. వాడు మోంటానాలో ఉద్యోగం చేస్తున్నాడు. వారాంతం వస్తే ఏటి ఒడ్డున చేపలు పట్టుకుంటూ కొండల్లో తిరగడం వాడి పిచ్చి. అక్కడ గ్రిజ్లీలు అనే పెద్ద గోధుమ ఎలుగులు ఉంటాయి. మన ఎలుగు మగది మహా అయితే 140 కిలోలు ఉంటే, అది దానికి రెండింతలు, ఇంకా పైన. నేను రివాల్వర్ ఆలోచనలో ఉన్నప్పుడే వాడూ అదే ఆలోచనలో ఉన్నాడు. ఇంక రోజూ రాత్రి ఫోన్లే. "మామా, నువ్వు ఆర్మీ వాడివి, నువ్వే చెప్పు ఏది తీసుకోమంటావో" అంటాడు. నేనేమో "అల్లుడూ, మాకిచ్చింది రైఫిలు, పిస్టల్ అంటే ఆఫీసర్ల నడుముకి చూసిందే ఎక్కువ" అంటాను. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం.

వాడికి ఇన్నాళ్లూ ఆ అవకాశమే లేదు. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, ఫ్రెండు తుపాకీతో సరదాకి ఫొటోలు దిగి పెడుతుంటారు, అది వీసా మీదకి తెచ్చుకునే పని. వీడికి గ్రీన్ కార్డు వచ్చాకే షాపు గడప తొక్కాడు. అక్కడ ఒక ఫారం నింపాలి, వాళ్లు అప్పటికప్పుడు పాత కేసులేమన్నా ఉన్నాయా అని చూస్తారు, లేకపోతే చేతికి ఇచ్చేస్తారు. ఇది విన్నప్పుడు కొంచెం కుళ్లుకున్నా, దాచుకోవడమెందుకు.

వాడి ముందున్న రకాల్లో మొదటిది .44 మాగ్నమ్ రివాల్వర్ (.44 అంటే సుమారుగా తూటా లావు, అంగుళాల్లో). 1955లో వచ్చింది, ఎలుగు అనగానే అక్కడ పాతకాపులు చెప్పే పేరు అదే. తిరిగే చక్రంలో ఆరు తూటాలు. ఒక్కో తూటా పదిహేను గ్రాముల పైన బరువు, దెబ్బ 1300 జౌళ్ల దాకా (జౌలు అంటే శక్తికి కొలత). రెండోది 10 ఎంఎం పిస్టల్, గ్లాక్ 20 లాంటివి. దెబ్బ .44 కన్నా తక్కువే, మంచి తూటాతో 900 జౌళ్లు వస్తుందనుకోండి, కానీ పిడిలో దూర్చే మ్యాగజీన్లో 15 పడతాయి, వెనక్కి తన్నేది కూడా ఓర్చుకోగలిగినంతే. ఈ రెండింటి పైన .500 స్మిత్ అండ్ వెసన్ అని ఇంకోటుంది, 2003లో వచ్చింది, పొడుగు గొట్టంది రెండు కిలోల బరువు. షాపువాడే నవ్వి పక్కన పెట్టేశాడట. రెండు కిలోలు గుండె మీద కట్టుకుని కొండెక్కేవాడు రెండో రోజే దాన్ని గదిలో వదిలేసి పోతాడు. గదిలో ఉన్న తుపాకీ ఎలుగుని ఆపదు.

బరువు తక్కువైతే ఇంకో తంటా. .44 మాగ్నమ్‌లోనే ఏడువందల గ్రాములకి దించిన తేలిక రకాలున్నాయి. మోయడానికి హాయిగా ఉంటాయి, పేలిస్తే మాత్రం అరచెయ్యి మండిపోతుంది. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజిలో వాడు అద్దెకి తీసుకుని నాలుగు పేల్చాడు, ఐదోది పేల్చబుద్ధి కాలేదన్నాడు. నా లెక్కలో ఇది అన్నింటికన్నా ముఖ్యమైన పరీక్ష. పేల్చాలంటే భయం వేసే తుపాకీతో ఎవడూ ప్రాక్టీసు చేయడు, ప్రాక్టీసు లేనివాడికి అవసరానికి చెయ్యి రాదు. ఆర్మీలో మాకు నేర్పింది కూడా అంతే, వెయ్యి తూటాలు కాల్చినవాడి చేతిలో చిన్న తుపాకీ, పది కాల్చినవాడి చేతిలో పెద్ద తుపాకీ కన్నా మేలు. 2016లో అలాస్కాలో ఒక గైడు మామూలు 9 ఎంఎం పిస్టల్‌తో గ్రిజ్లీని ఆపాడు కూడా. అది చూసి అందరూ 9 ఎంఎం చాలనుకోకూడదు, ఆయన జీవితమంతా ఎలుగుల మధ్యే తిరిగిన మనిషి.

తూటా సంగతి మాత్రం నాకు కొత్త. ఆత్మరక్షణకి మనిషి మీద వాడేవి ఒంట్లోకి దూరగానే పువ్వులా విచ్చుకుని ఆగిపోవాలి, వెనక ఉన్నవాడికి తగలకూడదని. ఎలుగుకి అది పనికిరాదు. కొవ్వు, మందపాటి కండ, ఎముక దాటుకుని లోపలికి పోవాలంటే విచ్చుకోని గట్టి సీసం తూటా కావాలి, ముందు భాగం బల్లపరుపుగా ఉండేది. హార్డ్‌కాస్ట్ అంటారు. అంటే తుపాకీ పేరు మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లు తూటా గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడకపోతే ఆ వాదన అంతా దండగ.

రివాల్వరా పిస్టలా అన్నదాని మీద మా ఇద్దరికీ నిజంగానే గొడవ పడింది. నేను రివాల్వర్ పక్షం. ఎందుకంటే పిస్టల్ గొట్టం ముందుభాగం దేనికన్నా గట్టిగా అదిమితే పైన స్లయిడు కాస్త వెనక్కి జరిగి పేలకుండా పోవచ్చు. ఎలుగు మీదపడి నేల మీద పెనుగులాడేటప్పుడు తుపాకీ దాని ఒంటికి ఆనించి కాల్చాల్సి వస్తే? రివాల్వర్‌కి ఆ బాధ లేదు, ఆనించినా పేలుతుంది, ఒక తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే తర్వాతది వస్తుంది. వాడి వాదన వేరు. గ్రిజ్లీ గంటకి 50 కిలోమీటర్ల పైన పరుగెత్తుతుంది, అంటే ముప్పై మీటర్లు రెండే సెకన్లు, ఆ కంగారులో సగం తూటాలు గాలికే పోతాయి, అందుకని పదిహేను ఉండటమే మంచిదంటాడు. చివరికి వాడు 10 ఎంఎం కొన్నాడు. తప్పు పట్టను. నడుముకి కాకుండా ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, కొన్నాడు, అది మాత్రం నేను కూడా ఒప్పుకున్నా, వీపున సంచి ఉంటే దాని బెల్టు కింద నడుము దగ్గరిది ఇరుక్కుపోతుంది.

దాంతోపాటే ఎలుగుల స్ప్రే డబ్బా కూడా కొన్నాడు. మిరపకాయ ఘాటే, కానీ మన షాపుల్లో ఆడపిల్లల హ్యాండ్‌బ్యాగుల కోసం అమ్మే చిన్న డబ్బా కాదు. అక్కడి రూలు ప్రకారం కనీసం 225 గ్రాములు ఉండాలి, పొగలాగా ఏడెనిమిది మీటర్లు పోతుంది. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరేరో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ బృందాలతో అలాస్కాలో జరిగిన సంఘటనలన్నీ పోగేసి చూశారు. 2008లో స్ప్రే మీద వేసిన పరిశోధనలో గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం సార్లు అది పనిచేసిందని తేల్చారు. 2012లో తుపాకుల మీద వేశారు, హ్యాండ్‌గన్‌లకి 84 శాతం, పొడుగు తుపాకులకి 76 శాతం. రెండూ వేర్వేరు సంఘటనలు కాబట్టి పక్కపక్కన పెట్టి మార్కులు వేయకూడదు. నాకు పట్టుకున్నది ఆ అంకెలు కాదు. తుపాకీ ఉండి కూడా దెబ్బ తిన్నవాళ్లలో చాలామందికి దాన్ని వాడే టైమే దొరకలేదన్నది.

అక్కడ కూడా కాల్చడానికి హద్దులున్నాయి. గ్రిజ్లీ 1975 నుంచి ఆ దేశంలో చట్టం రక్షించే జంతువు, అలాస్కాలో తప్ప. ప్రాణం మీదకి వస్తేనే కాల్చాలి, కాల్చాక చెప్పాలి. ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కులోకి 2010 నుంచి తుపాకీ తీసుకుపోవచ్చు గానీ అక్కడ పేల్చడానికి మాత్రం వీల్లేదు.

ఇప్పుడు మన సంగతి. "నీకూ ఒకటి పంపనా మామా" అని వాడు తమాషాకి అన్నాడు, అది కస్టమ్స్‌లోనే ఇద్దరినీ లోపల వేయించే తమాషా. .44 మాగ్నమ్ కలగా ఉంచుకుని నేను మన చట్టం ప్రకారం దొరికేవి చూశాను. 9 ఎంఎం మనలాంటి వాళ్లకి ఇవ్వరు, అది నిషేధిత బోరు (తుపాకీ గొట్టం లావునే బోరు అంటారు). ఎక్కువగా ఇచ్చేది .32. కాన్పూరులో ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో రివాల్వర్లు తయారవుతాయి, 2014లో వచ్చిన నిర్భీక్ అనేది ఐదొందల గ్రాముల బరువుతో చిన్నగా ముద్దుగా ఉంటుంది, 2023లో వచ్చిన ప్రబల్ ఇంకాస్త పెద్దది. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి అశని అని .32 పిస్టల్ ఉంది. చెన్నైకి పెళ్లికి పోయినప్పుడు ఒక పాత తుపాకుల షాపులో అడిగి చూశాను. లైసెన్సు లేనివాడి చేతికి ఇవ్వనన్నాడు ఆ పెద్దాయన, మంచి పని చేశాడు, తన చేతిలోనే పెట్టుకుని తిప్పి చూపించాడు. ఎందుకని అడిగితే చెప్పాను, ఎలుగు కోసమని. ఆయన రివాల్వర్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేసి "సార్, ఇది మనుషులకే సరిగ్గా చాలదు" అన్నాడు. అమ్ముకునేవాడే ఆ మాట అన్నాక ఇంకేం అడుగుతాం.

ఆయన చెప్పింది లెక్క వేస్తే తెలుస్తుంది. .32 తూటా బరువు ఆరు గ్రాముల పైచిలుకు, దెబ్బ నూట యాభై జౌళ్ల దగ్గర. .44 మాగ్నమ్‌తో పోలిస్తే ఎనిమిదో వంతు. మన ఎలుగుకి బొచ్చు ఎంత దట్టమో చూసినవాళ్లకి తెలుసు, లోపల తోలు వదులుగా జారుతుంటుంది, తల ఎముక గట్టిది. అది తల కింద పెట్టుకుని మీదకి వస్తుంటే, చీకట్లో, కదులుతున్న దాన్ని, చిన్న గొట్టంతో ఎక్కడ కొడతాం? ఎక్కడో భుజానికి తగులుతుంది. అప్పుడు మన ముందు ఉండేది బెదిరిన ఎలుగు కాదు, గాయపడిన ఎలుగు. శబ్దానికి పారిపోవచ్చు, నిజమే, చాలాసార్లు పారిపోతుంది కూడా. శబ్దం కోసమైతే లక్ష పైన పోసి రివాల్వర్ కొననక్కర్లేదు.

అయినా కాగితాల సంగతి కూడా చూద్దామని కలెక్టరేట్‌కి పోయాను. సెక్షన్‌లో కూర్చున్న మేడం ఓపికగానే చెప్పారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఆధారాలు, డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్న సర్టిఫికెట్ (2016 రూల్స్‌తో వచ్చింది ఇది), తర్వాత పోలీసు విచారణ, అన్నీ అయ్యాక కలెక్టర్ నిర్ణయం. లైసెన్సు వస్తే ఐదేళ్లకి. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించాలి. ఎక్స్‌సర్వీస్‌మన్ అన్నందుకు కుర్చీ వేశారు గానీ, "రివాల్వర్‌కి కారణం ఏం రాస్తారు" అని అడిగినప్పుడు ఎలుగు అంటే ఆవిడ పెన్ను ఆగింది. మీ ఊరు ఎక్కడన్నారు, కొండకి ఎంత దూరమన్నారు. అప్పటికి నాకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది నెల్లూరులో వకీలుగా ఉన్న మా రెజిమెంటు స్నేహితుడు. 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్‌లో ఉందట, అభయారణ్యం హద్దుకి 10 కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. పాత లైసెన్సు ఉన్నవాళ్లు కూడా వాళ్ల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. మాది పెంచలకోనకి దగ్గర, పెనుశిల నరసింహ అభయారణ్యం మా తోట వెనక కొండే. నెల్లూరు, కడప రెండు వైపులా పరుచుకున్న అడవి అది. ఇంకా 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. మేకలు కొండెక్కాయనో, బోరు పైపు అటు వైపు ఉందనో రివాల్వర్ నడుముకి ఉండగా హద్దురాయి దాటితే అక్కడితో కథ మారిపోతుంది. పైగా ఇది ఎర్రచందనం కొండ. రాత్రిపూట ఈ దార్ల మీద ఆయుధంతో కనిపించిన మనిషిని ఎవరూ ఎలుగు కోసం వచ్చాడనుకోరు, అనుకోవాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

అదే చట్టం మనకి ఇచ్చిన రక్షణ కూడా ఉంది, అదీ చెప్పాలి. ఎలుగు షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, చంపితే మూడేళ్లకి తగ్గని జైలు. కానీ 11వ సెక్షన్ ప్రకారం మన ప్రాణం కోసమో పక్కవాడి ప్రాణం కోసమో నిజాయితీగా కొడితే నేరం కాదు, ఆ సమయంలో మనం ఆ చట్టాన్ని మీరే పని చేస్తూ ఉండకపోతే. చచ్చిన జంతువు మాత్రం ప్రభుత్వ ఆస్తి, గోరు కూడా ముట్టుకోకూడదు.

వకీలు ఇంకో దారి చూపించాడు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో రైతుకి ఒక తలుపు తీసిపెట్టారు. పంట కాపాడుకోవడానికి గొట్టం నోట్లోంచి మందు దట్టించే పాత రకం తుపాకీకీ, ఆత్మరక్షణకి ఇరవై అంగుళాలకి తగ్గని నున్నటి గొట్టం తుపాకీకీ, అంటే మామూలు పన్నెండు బోరు లాంటి దానికీ, లైసెన్సు ఇవ్వమనే చెబుతుంది ఆ చట్టం. పన్నెండు బోరు ఎలుగుకి సరిపోయేదే. రివాల్వర్ అడిగితే వచ్చే ప్రశ్నలు దీనికి రావు. కానీ 34వ సెక్షన్ దీనికీ వర్తిస్తుంది, నిమ్మకొమ్మల సమస్య ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఒకాయన గుసగుసగా నాటు తుపాకీ సంగతి ఎత్తాడు, ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పబోయాడు. వద్దన్నా. లైసెన్సు లేనిది చేతిలో ఉంటే ఎలుగు వదిలినా చట్టం వదలదు, అవి పేలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను. కరెంటు తీగ లాగే పని కూడా అంతే, అది ఎలుగు వచ్చిందా, కూలీ వచ్చాడా అని చూడదు.

ఇన్ని చదివాక ఒక పని చేశాను. రివాల్వర్ బరువున్న చెక్కముక్క చెక్కి నడుముకి తోలు సంచిలో కట్టుకున్నా. తలకి లైటు, ఒక చేతిలో స్పానర్. మా అబ్బాయిని గట్టు మలుపులో కంప చాటున కూర్చోబెట్టి, నేను వస్తుంటే ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మీదకి పరుగెత్తమన్నా. పది అడుగుల దూరం. ఎన్నిసార్లు చేసినా వాడి చేతులు నా భుజాల మీద పడ్డాకే చెక్కముక్క బయటికి వచ్చింది. స్పానర్ వదలడం, చొక్కా పైకి లాగడం, తీయడం, ఎత్తడం. వాడు వస్తాడని నాకు ముందే తెలిసి కూడా అలా ఉంది. ఇరవై అడుగుల నుంచి రమ్మంటే కాస్త నయం, సగం సార్లు తీయగలిగా. మా ఆవిడ అరుగు మీద కూర్చుని నవ్వుతూనే ఉంది, చివర్లో మాత్రం నవ్వు ఆపేసి "అంటే అది ఉన్నా లేనట్టేగా" అంది.

మోంటానా కొండల్లో వాడికి ముప్పై నలభై మీటర్ల ముందు గ్రిజ్లీ కనిపిస్తుంది, చూసి బటన్ విప్పుకుని నిలబడే వీలుంటుంది. మాకు కనిపించేది గట్టు మలుపులో, కాలికింద. ఆ దూరంలో తుపాకీ బోరు ఎంత అన్నది రెండో ప్రశ్న, చెయ్యి ఎంత వేగం అన్నది మొదటిది, ఆ మొదటిదాన్నే నేను గెలవలేకపోయాను. నాకన్నా కుర్రవాడైతే గెలుస్తాడేమో. అందుకని నేను ఆలోచించాల్సింది ఆ పది అడుగులని ముప్పై అడుగులు చేయడం ఎలా అని.

దీనికి మా ఫారెస్టు బీటు ఆఫీసర్ చెప్పిన మాటలు తుపాకుల షాపు కన్నా ఎక్కువ పనికొచ్చాయి. కుర్రవాడే, కానీ ఈ కొండల్లో ఎలుగులని దగ్గరగా చూసినవాడు. "అన్నా, అది పుట్టలో మూతి పెట్టి పీల్చేటప్పుడు మన అడుగుల చప్పుడు దానికి వినపడదు. చూపు అంతంత మాత్రం. వాసన ఒక్కటే గట్టిది, గాలి మన వైపు వీస్తే అదీ లేదు. నువ్వు కాలి దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిశాక పారిపోయే అలవాటు దానికి లేదు" అన్నాడు. పులుల మధ్య బతికిన జంతువు కదా, ఎదురు తిరగడమే దానికి తెలిసిన రక్షణ. పిల్లల తల్లి అయితే మరీ. చలికాలంలో ఈనుతుంది, ఎండలు మొదలయ్యేసరికి పిల్లలని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, మా పక్క తోట మనిషికి ఎదురైంది అలాంటిదే అని వాడి అనుమానం. పుట్ట పీల్చే శబ్దం మనకి మాత్రం దూరానికే వినిపిస్తుందట, ఆగి వింటే. మేం ఆగి వినం, ఫోన్లో పాటలు పెట్టుకుని పోతాం.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. గట్టు మలుపులన్నిట్లో కంప కొట్టించాను, దారికి రెండు వైపులా ఖాళీగా కనపడేంత వెడల్పుగా. దారి పక్క పుట్టలు తవ్వించేశాను, కొండ వైపు ఉన్నవి ముట్టుకోలేదు, దాని మేత దానికి అక్కడే ఉండనీ అని. దారి మీద రెండు ఈత చెట్లు తీసేశా, ఇది మాత్రం మనసొప్పక చేసిన పని. బోరు దగ్గర సోలార్ లైటు. మోటారుకి సెల్‌ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ పెట్టించాను, రివాల్వర్‌కి అనుకున్న డబ్బులో చిన్న ముక్కకే వచ్చింది. తెల్లవారుజామున పోవాల్సిన అవసరం సగానికి సగం తగ్గింది అక్కడే. తప్పదనుకున్నప్పుడు ఇద్దరం పోతాం, గట్టిగా మాట్లాడుకుంటూ, పాటలు చెవుల్లో పెట్టుకోకుండా. చేతిలో మనిషెత్తు వెదురు కర్ర, దాని కొసకి మువ్వలు కట్టింది. కర్రతో ఎలుగుని కొట్టాలని కాదు, నేల మీద కొట్టుకుంటూ పోవడానికి, మీదపడితే దానికీ నాకూ మధ్య అడ్డం పెట్టడానికి. ఇది కూడా దాటి వస్తే బోర్లా పడుకుని మెడ మీద చేతులు వేసుకోమన్నాడు బీటు ఆఫీసర్. పరుగెత్తద్దు, చెట్టెక్కద్దు, రెండూ దానికి మనకన్నా బాగా వచ్చు.

స్ప్రే సంగతి ఇంకా తేలలేదు. మేనల్లుడు వచ్చేటప్పుడు తెమ్మంటే, అంత పెద్ద డబ్బాని విమానంలో పెట్టె లగేజీలో కూడా పెట్టనివ్వరన్నాడు. ఇక్కడ దొరికే చిన్నవి రెండు కొని గాలి ఎదురుగా ఉన్నప్పుడు ఒకటి కొట్టి చూశాను, ఎలుగు మాటేమోగానీ నాకు సాయంత్రం దాకా కళ్లు మండాయి. గాలి ఎటు ఉందో చూసుకోకుండా ఎవరూ కొట్టద్దు.

ఇదంతా చదివి కూడా లైసెన్సుకి పెట్టుకుంటామనేవాళ్లు ఉంటారు, పెట్టుకోండి, మీ తోట మీ ప్రాణం. రివాల్వర్ కాకుండా పన్నెండు బోరుకే అడగండి, కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి, గతంలో ఎలుగు దాడి జరిగి ఉంటే ఆసుపత్రి కాగితాలు, ఫారెస్టు వాళ్లకి ఇచ్చిన ఫిర్యాదు నకలు జత చేయండి. వీటన్నిటికన్నా ముందు ఫారెస్టు రేంజి ఆఫీసుకి పోయి మీ సర్వే నంబరు అభయారణ్యం హద్దుకి ఎన్ని కిలోమీటర్లో రాయించుకోండి. పది లోపే అయితే ఫైలు ఎక్కడిదాకా పోవాలో అప్పుడే తెలుస్తుంది, చెన్నై పోయి రేట్లు కనుక్కునే బస్సు చార్జీలు మిగులుతాయి.